చెయ్యెత్తి దాటే దారి



మా పెద్దమ్మకు డెబ్బై నాలుగేళ్లు. రోజూ పొద్దున ఆరున్నరకల్లా రైతుబజారుకు నడిచి వెళ్తుంది. ఇంటికీ బజారుకీ మధ్య నాలుగు వరసల రోడ్డు ఒకటి ఉంది. దాని మీద తెల్లచారలు ఎప్పుడో వేశారు, ఇప్పుడు సగం చెరిగిపోయాయి. పెద్దమ్మ ఎడం చేత్తో సంచి పట్టుకుని, కుడి చెయ్యి చాచి, అరచెయ్యి బండ్ల వైపు పెట్టి, తల మాత్రం ఎటూ తిప్పకుండా నడిచిపోతుంది. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. చూస్తే గుండె గుభేలుమంది. "పెద్దమ్మా, కాస్త అటు చూసి దాటొచ్చు కదా" అన్నాను.

"చూస్తే ఆగరురా" అంది. "నేను చూశానని తెలిస్తే, నేనే ఆగుతాలే అని వాడి ధీమా. చూడలేదనుకుంటేనే బ్రేకు తొక్కుతాడు."

దయచేసి మీరెవరూ ఈ పద్ధతి పాటించకండి. నేను చెప్పబోయేది పెద్దమ్మ తెలివి గురించి కాదు, ఆ చెయ్యి గురించి. మన ఊళ్లలో రోడ్డు దాటే ప్రతివాళ్లూ ఎత్తే చెయ్యి అది. బడిపిల్లలు ఎత్తుతారు, ఆఫీసుకు పోయేవాళ్లు ఎత్తుతారు, చంకలో బిడ్డతో తల్లులు ఎత్తుతారు. అదే అరచెయ్యి ట్రాఫిక్ కానిస్టేబుల్ చూపిస్తే ఆజ్ఞ. మా పెద్దమ్మ చూపిస్తే మొర. ఆగితే వాడి మంచితనం, ఆగకపోతే మన ఖర్మ. అలా అనుకునే బతుకుతున్నాం.

కానీ ఆ తెల్లచారల మీద చట్టం ఇంకోలా రాసి ఉంది. అక్కడ పెద్దమ్మ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. బండివాడే ఆగాలి.

ఇది నిన్నో మొన్నో వచ్చిన నిబంధన కాదు. మన దేశంలో 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది: సిగ్నల్, పోలీసు లేని క్రాసింగు దగ్గర దారి హక్కు నడిచేవారిది. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. అవి ఇంకా విడమరిచి చెప్పాయి. అలాంటి క్రాసింగు దగ్గరపడుతుంటే వేగం తగ్గించాలి, ఆగాలి, నడిచేవారికీ చక్రాల కుర్చీలో వెళ్లేవారికీ దారి ఇవ్వాలి. ముందు బండ్లు ఆగిపోయి, తానూ చారల మీదే ఇరుక్కుపోయే పరిస్థితి ఉంటే అసలు చారల మీదికే ఎక్కకూడదు. ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదు, నిలపకూడదు. ఇంకో మాట కూడా అందులో ఉంది. నడిచేవారు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగులు, వీళ్ల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని.

ఇలాంటివాళ్లందరినీ కలిపి ఇంగ్లీషు చట్టాలు ఒకే పేరుతో పిలుస్తాయి. తెలుగులో దానికి సరైన మాట ఇంకా కుదురుకోలేదు. నేనైతే 'అడ్డులేనివాళ్లు' అంటాను. అంటే ఒంటికీ ఎదురొచ్చే ఇనుముకీ మధ్య చొక్కా తప్ప మరేమీ అడ్డులేనివాళ్లు. మోటారు సైకిలు నడిపేవాడు కూడా ఇందులోకే వస్తాడు. లారీ ముందు అతను అడ్డులేనివాడు, మా పెద్దమ్మ ముందు మాత్రం అతనే లారీ. ఒకే మనిషి ఒకే పొద్దున రెండు వేషాలూ వేస్తాడు, రెండోది వేస్తున్న సంగతి అతనికి తట్టదు.

మరి నిబంధన ఇంత స్పష్టంగా ఉంటే ఎవరికీ ఎందుకు తెలియదు? ఎల్ఎల్ఆర్ పరీక్షలో జీబ్రా బొమ్మ మీద ప్రశ్న మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. సరైన జవాబు నొక్కాం, పాసయ్యాం. తరవాత ట్రాక్ మీద బండితో ఎనిమిది వేయించారు. నేను కారు లైసెన్సుకు వెళ్లినప్పుడు రివర్సు చేయించారు, ఎత్తు మీద ఆపి కదిలించమన్నారు. ఆ ట్రాక్ మీద ఒక్క మనిషి నడిచి అడ్డం రాలేదు. మనిషే లేని రోడ్డు మీద పరీక్ష పెట్టి, మనుషులు కిటకిటలాడే రోడ్డు మీదికి వదిలారు.

ఇక జరిమానా. డ్రైవింగ్ నిబంధనలు ఉల్లంఘిస్తే 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టంలో రాసింది 500 నుంచి 1000 రూపాయలు. ఇది పుస్తకంలో మాట. హెల్మెట్ లేదని చలానా కట్టినవాళ్లు నాకు పాతికమంది తెలుసు. జీబ్రా దగ్గర ముసలావిడకు దారి ఇవ్వనందుకు చలానా వచ్చిందని చెప్పినవాడు ఇంతవరకు నాకు ఒక్కడూ తగల్లేదు.

సరే, ఈ చారల కథ ఎక్కడ మొదలైందో కాస్త చూద్దాం. 1934లో బ్రిటన్‌లో నడిచేవాళ్ల కోసం రోడ్డు పక్కన నలుపు తెలుపు స్తంభాలు పాతి, వాటి మీద నారింజరంగు గోళాలు పెట్టారు. అప్పటి రవాణా మంత్రి హోర్ బెలీషా పేరుమీద వాటిని బెలీషా బీకన్లు అన్నారు. స్తంభాలు కనిపించాయి గానీ, ఎక్కడ దాటాలో రోడ్డు మీద డ్రైవరుకు సరిగా కనిపించేది కాదు. ప్రయోగాలు చేసి చేసి, 1951లో నేల మీద తెల్లచారలు వేయడం చట్టబద్ధం చేశారు. జీబ్రా అని పేరు పడింది. జీబ్రాను జూపార్కులో తప్ప చూడని మనమూ ఆ పేరే ఖాయం చేసుకున్నాం.

బ్రిటన్‌లో చాలాకాలం పద్ధతి ఏమిటంటే, నడిచే మనిషి చారల మీద కాలు పెట్టాక బండి ఆగాలి. 2022 జనవరిలో వాళ్ల హైవే కోడ్‌ను మార్చారు. అంచున నిలబడి దాటడానికి ఎదురుచూస్తున్నా సరే, డ్రైవరు దారి ఇవ్వాలన్నారు. దాని వెనక పెట్టిన సూత్రం నాకు బాగా నచ్చింది. రోడ్డు మీద ఎవరి వల్ల ఎదుటివారికి ఎక్కువ హాని జరగగలదో, జాగ్రత్త భారం వాళ్ల మీదే ఎక్కువ. లారీ మీద అందరికన్నా ఎక్కువ, తరవాత కారు, తరవాత మోటారు సైకిలు, సైకిలు. నడిచేవాడి మీద అందరికన్నా తక్కువ. మన దగ్గర ఈ వరస సరిగ్గా తలకిందులు. పెద్ద బండిదే పెద్ద హారన్, పెద్ద హారన్‌దే దారి.

చట్టం గట్టిగా ఉన్న దేశాల్లో అంతా సవ్యంగా ఉంటుందని మాత్రం అనుకోకండి. ఇక్కడ మన తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఒక సంగతి చెప్పాలి. కర్నూలు జిల్లా ఆదోని నుంచి చదువుకోవడానికి సియాటిల్ వెళ్లిన ఇరవై మూడేళ్ల అమ్మాయి. పేరు మీలో చాలామందికి తెలుసు, ఆ కుటుంబాన్ని మళ్లీ కష్టపెట్టకుండా ఇక్కడ చెప్పడం లేదు. 2023 జనవరి 23 రాత్రి ఆ ఊళ్లో డెక్స్టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసేచోట గీతలు వేసి ఉన్న క్రాసింగు మీద రోడ్డు దాటుతోంది. ఆ రోడ్డు మీద అనుమతించిన వేగం గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. ఏదో అత్యవసర పిలుపు మీద వెళ్తున్న పోలీసు కారు 74 మైళ్ల వేగం దాకా, అంటే దాదాపు 119 కిలోమీటర్ల దాకా అందుకుని వచ్చి గుద్దింది. అమ్మాయి చనిపోయింది.

వాషింగ్టన్ రాష్ట్రపు చట్టాన్ని ఒకసారి తెరిచి చూద్దాం. అక్కడ ప్రతి కూడలీ, గీతలున్నా లేకపోయినా, క్రాసింగే. మనిషి కాలు పెడితే బండి ఆగాలి. ఒక బండి ఆగి ఉంటే వెనకొచ్చే బండి దాన్ని దాటుకుని పోకూడదు. అత్యవసర వాహనానికి వేగం మించే సడలింపు ఉంది గానీ, అందరి భద్రతనూ చూసుకోవాల్సిన బాధ్యత నుంచి మాత్రం సడలింపు లేదు. అదీగాక, అడ్డులేనివాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం 2012 నుంచి అమల్లో ఉంది. పొరుగున ఒరెగాన్ 2007లో చేసిన చట్టం దారిలోనే ఇదీ వచ్చింది. ఆ ప్రమాదం నాటికి ఆ చట్టం చెప్పేది ఇది: నిర్లక్ష్యంగా నడిపి నడిచేవారినో సైకిలువారినో చంపినా, బాగా గాయపరిచినా, మామూలు ట్రాఫిక్ చలానాతో వదిలేయకుండా 5000 డాలర్ల వరకు జరిమానా, లైసెన్సు నిలుపుదల, లేదంటే సమాజ సేవ.

ఇన్ని ఉన్నా జరిగిందేమిటి? ఏడాది దాటాక, 2024 ఫిబ్రవరిలో, నేరం రుజువు చేయడానికి సాక్ష్యం చాలదని అక్కడి ప్రాసిక్యూటర్లు క్రిమినల్ కేసు పెట్టలేదు. నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద 5000 డాలర్ల చలానా రాశారు. ఆ కారు నడిపిన పోలీసు అధికారి ఉద్యోగం పోవడానికి 2025 జనవరి దాకా పట్టింది. ఈ మధ్యలో ఇంకో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని, ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడిన రికార్డింగు బయటపడింది. అమ్మాయి వయసు కూడా అతను తప్పు చెప్పాడు. ఆ మాటలకు అతని ఉద్యోగమూ పోయింది. అమెరికాలోని తెలుగువాళ్లు, అక్కడి వాళ్లు, వీధుల్లోకి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే. గీతల మీద నడిచిన మనిషిని చంపినదానికీ చలానాయేనా?

అడ్డులేనివాళ్ల చట్టాల బలహీనత సరిగ్గా ఇక్కడే బయటపడింది. కావాలని గుద్దలేదు అన్న మాట నిలబడితే, మిగిలేది డబ్బు. మన దగ్గరా కథ ఇంతే. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతి 304-ఏ కింద రెండేళ్లు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని ఐదేళ్ల వరకు పెంచారు. గుద్ది పారిపోతే పదేళ్లన్న నిబంధన కూడా రాశారు గానీ, లారీ డ్రైవర్ల సమ్మె తరవాత దాన్ని అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. ఐదేళ్లయినా పదేళ్లయినా, శిక్ష మొదలయ్యేది మనిషి పడిపోయాక. నడిచేవాళ్లకు కావాల్సింది పడకముందు పనిచేసే చట్టం.

అది సాధ్యమేనా అని అడిగేవాళ్లకు జపాన్ లెక్క ఒకటి చెప్తాను. అక్కడా చిన్నపిల్లలకు చెయ్యెత్తి రోడ్డు దాటమని నేర్పుతారు, మన పిల్లల్లాగే. వాళ్ల రోడ్డు చట్టంలో 38వ అధికరణం ఉంది. దాటబోయే మనిషి ఉంటే చారల ముందు బండి ఆగితీరాలి. ఆగకపోతే జరిమానా, లైసెన్సు మీద పాయింట్లు, ముదిరితే జైలు కూడా. జపాన్ వాళ్లు క్రమశిక్షణకు మారుపేరని మనం చెప్పుకుంటాం కదా. అక్కడి వాహనదారుల సంఘం జాఫ్ ఏటా మనుషుల్ని జీబ్రా దగ్గర నిలబెట్టి, ఎన్ని కార్లు ఆగుతున్నాయో లెక్క తీస్తుంది. సిగ్నల్ లేని క్రాసింగుల దగ్గర 2016లో ఆగినవి నూటికి 7.6. నూరు కార్లకు ఎనిమిది కూడా లేవు! రూల్ అంటే ప్రాణమిచ్చే దేశంలో, దశాబ్దాలుగా చట్టం ఉన్న దేశంలో.

ఆ లెక్క పత్రికల్లో వచ్చి నలుగురిలో పరువు పోయింది. పోలీసులు చారల దగ్గర కాపు కాశారు. ప్రచారం జరిగింది. ఏ రాష్ట్రం ఎంత నయమో పేర్లతో సహా ఏటా ప్రకటించారు. 2021లో పెద్దవాళ్లు కూడా దాటేటప్పుడు చెయ్యెత్తి తమ ఉద్దేశం తెలియజేయాలని మార్గదర్శకాల్లో మళ్లీ చేర్చారు. 2024 నాటికి ఆగే కార్లు నూటికి 53 అయ్యాయి. ఎనిమిదేళ్లలో డ్రైవర్లు కొత్తగా పుట్టుకు రాలేదు. ఆగాల్సిన నిబంధన పాతదే, దాన్ని అడిగేవాళ్లు వచ్చారు, అంతే. మనవాళ్ల రక్తంలోనే క్రమశిక్షణ లేదనే పాట విన్నప్పుడల్లా నాకు ఈ 7.6 గుర్తొస్తుంది.

మన దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,72,890 మంది అని కేంద్రం లెక్క. అందులో నడిచి వెళ్తూ చనిపోయినవారు 35,221. సగటున రోజుకు తొంభై ఆరుమంది. నా ప్రసంగం పదిహేను నిమిషాలు పడుతుందనుకుంటే, ఇది ముగిసేలోగా ఒకరు.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎదురుగా మనిషిని చూసి, బ్రేకు మీదికి కాలు పోవడానికి మంచి డ్రైవరుకైనా ఒక సెకను పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లు పోతుంది, తరవాత బ్రేకు పట్టి ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే బండి 50లో వస్తే? ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోయింది. అంటే 30లో వచ్చిన బండి నిమ్మళంగా ఆగిపోయిన చోటికి 50లో వచ్చిన బండి ఇంకా బ్రేకే పడకుండా, పూర్తి వేగంతో వచ్చేసింది. మా పెద్దమ్మ ఆ చోట ఉంటే, చెయ్యెత్తిందా లేదా అన్న ప్రశ్నే లేదు. జీబ్రాకు ముందు వేగం తగ్గించమని చట్టం ఊరికే అనలేదు.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని మీరందరూ చూసే ఉంటారు. ఎడమ వరసలో బస్సు ఆగి దారిచ్చింది. సంతోషించి మనిషి దాటుతాడు. బస్సు చాటునుంచి రెండో వరసలో మోటారు సైకిలు దూసుకొస్తుంది. అతనికి ఈ మనిషి కనపడడు, ఈ మనిషికి అతను కనపడడు. బస్సు ఎందుకు ఆగిందో అతను ఆలోచించడు, ఆగిన బస్సంటే దాటాల్సిన బస్సే అతనికి. జపాన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ దీని కోసమే ప్రత్యేకంగా నిబంధన రాశారు. జీబ్రా ముందు ఏదైనా బండి ఆగి ఉంటే, దాని పక్కనుంచి ఆగకుండా దూసుకుపోకు అని. మన ఎల్ఎల్ఆర్ పరీక్షలో ఈ ఒక్క ప్రశ్న తప్పనిసరి చేసినా చాలునని నా అభిప్రాయం.

అలాగే 'ఫ్రీ లెఫ్ట్'. కూడలిలో ఎర్రదీపం పడ్డా ఎడమకు తిరిగే బండ్లు ఆగనక్కర్లేదని పెట్టిన ఏర్పాటు. బండ్లకు ఫ్రీ, నడిచేవాడికి మాత్రం ఆ వరస ఎప్పటికీ తెగని ఏరు. కానీ ఆ మలుపు మీద చారలు వేసి ఉంటే, సిగ్నల్ లేని జీబ్రా కాబట్టి అక్కడా దారి హక్కు నడిచేవాళ్లదే. ఫ్రీ అన్నది ఎర్రదీపం నుంచే, మనిషి నుంచి కాదు. హైదరాబాదులో కొన్నిచోట్ల పెలికాన్ సిగ్నళ్లు పెట్టారు. మీట నొక్కితే కాసేపటికి బండ్లకు ఎర్రదీపం పడుతుంది. మంచి పనే. మనుషులు నడిచే వేగం సెకనుకు 1.2 మీటర్లని ఇంజనీర్లు సాధారణంగా లెక్కవేస్తారు. ఇరవై నాలుగు మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. పెద్దమ్మ వేగం అందులో సగం. నడిరోడ్డు మీద ఉండగానే దీపం మారుతుంది. పచ్చదీపం పడింది కాబట్టి పోవచ్చు అనుకునే డ్రైవరుకు ఒక మాట: రోడ్డు మధ్య మనిషి ఉండగా ఏ దీపమూ ముందుకు పొమ్మని చెప్పదు.

ఇదంతా నడిచేవాడు రోడ్డు దాకా రాగలిగితే. ఫుట్‌పాత్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు రాసి పెట్టింది. నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకుండా. మన ఫుట్‌పాత్ అంచు మోకాలెత్తు ఉంటుంది, పైన ట్రాన్స్‌ఫార్మరు, టిఫిను బండి, ఎవరిదో కారు. ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. అప్పుడు "ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారేంటి" అని మనమే విసుక్కుంటాం.

కోయంబత్తూరుకు చెందిన ఒక ఎముకల వైద్యుడు, రోజూ విరిగిన కాళ్లు చేతులు చూసి చూసి, రోడ్డు భద్రత మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. డాక్టర్ ఎస్. రాజశేఖరన్ కేసు అంటే అదే. ఆ కేసులో 2025 మే నెలలో, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న ఇంకో తీర్పు వచ్చింది. 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లు, క్రాసింగులు ఎలా ఉన్నాయో తనిఖీ చేయాలని, నడిచేవారి కోసం రాష్ట్రాలు ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని ఆదేశించింది. ఆ నిబంధనలు చేసే అధికారం 2019 సవరణలోనే రాష్ట్రాలకు ఇచ్చారు. ఆరేళ్లయ్యాక కోర్టు గుర్తు చేయాల్సి వచ్చింది. అదే సవరణలో రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టని, చూసుకోని కాంట్రాక్టరుకూ అధికారికీ లక్ష రూపాయల వరకు జరిమానా అని 198-ఏ సెక్షన్ కూడా ఉంది. అది కూడా ఉన్నట్టే ఉంది.

చివరిగా, ఏదైనా జరగకూడనిది జరిగితే పనికొచ్చే నాలుగు మాటలు. పెన్ను దగ్గరుంటే రాసుకోండి. ముందు పోలిక కోసం ఒక బయటి ఉదాహరణ. ఫ్రాన్స్‌లో 1985 నుంచి ఒక చట్టం ఉంది. బండి గుద్దిన పాదచారి పదహారేళ్లలోపువాడైనా, డెబ్బై దాటినవాడైనా, తప్పు ఎవరిదన్న వాదన లేకుండానే దాదాపు ప్రతి కేసులో పూర్తి పరిహారం ఇవ్వాల్సిందే. మన దగ్గర అంత ఉదారంగా లేదు. అయినా మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద, తప్పెవరిదో నిరూపించకుండానే ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు బండి యజమాని లేదా బీమా కంపెనీ ఇవ్వాలి. అంతకన్నా ఎక్కువ కావాలంటే ట్రైబ్యునల్లో తప్పు నిరూపించాలి. గుద్దిన బండి దొరక్కపోతే 2022 ఏప్రిల్ నుంచి ప్రాణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి అర్జీ మీ ప్రాంతపు రెవెన్యూ అధికారికి పెట్టుకోవాలి. ఇది తెలియక వదిలేసుకున్న కుటుంబాలు ఎన్నో. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం పథకం కూడా వచ్చింది. పడిపోయిన మనిషిని ఆసుపత్రికి చేర్చినందుకు మిమ్మల్ని ఎవరూ కేసులో ఇరికించకూడదు, సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదు. 134-ఏ సెక్షన్ మీకు అండగా ఉంది.

మళ్లీ మా పెద్దమ్మ దగ్గరికి వస్తాను. కిందటి నెల ఒక విచిత్రం జరిగింది. చారల దగ్గర ఆమె ఇంకా చెయ్యి ఎత్తకముందే ఒక ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవరు చేత్తో దాటమని సైగ చేశాడు. పెద్దమ్మకు ఏం చేయాలో తోచలేదు. డెబ్బై ఏళ్లలో ఎవరూ అలా ఆగలేదు మరి. "నువ్వు పో నాయనా, నీకు ఆలస్యమవుతుంది" అని ఆమే బస్సుకు దారిచ్చింది. డ్రైవరు కదల్లేదు. వెనక నాలుగు హారన్లు మోగాయి. చివరికి దాటింది, ఇంటికొచ్చి రెండు రోజులు ఇదే చెప్పింది.

ఈ ప్రసంగం బండి నడుపుతూ వింటున్నవారు ఎవరైనా ఉంటే, మీకో విన్నపం. ఈ రోజు ఇంటికి చేరేలోగా తెల్లచారల దగ్గర ఎవరైనా నిలబడి కనిపిస్తే, వాళ్లు చెయ్యి ఎత్తేదాకా చూడకండి. వేగం తగ్గించి, చారలకు ముందే ఆగండి. వాళ్లు నమ్మలేక తటపటాయిస్తారు, తొందరపెట్టకండి. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి.